మడమ మీద పొక్కు

డెబ్బైల చివర్లో, నేను నర్సమ్మగా చేరిన కొత్తలో జరిగిందిది. ఐ.పోలవరం దగ్గర ఒక పల్లెకి పిల్లల టీకాలు తీసుకెళ్తుంటే దారిలో బస్సు చెడిపోయింది. ఇంకా ఐదు మైళ్లుంది. ఫ్లాస్కులో ఐసు కరిగిపోతే మందంతా పాడైపోతుంది. కాలవగట్టు పట్టుకుని నడక మొదలుపెట్టాను.

కాళ్లకి కొత్త బూట్లు. మైలు దాటకుండానే కుడి మడమ చుర్రుమంది. ఆగితే ఆలస్యమవుతుందని లెక్కచేయలేదు. మూడో మైలుకి ఇక అడుగు పడలేదు. కూలబడి బూటు విప్పితే, మడమ మీద రూపాయి బిళ్లంత నీటిపొక్కు. చిదిమేస్తే నొప్పి తగ్గుతుందని పిన్నీసు తీశాను.

“పొడవకండమ్మా,” అంటూ గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒకావిడ లేచి వచ్చింది. “పైతోలు ఊడిందంటే అసలు నడవలేరండీ.”

“అక్కడ పిల్లలు ఎదురుచూస్తున్నారండీ,” అన్నాను. ఏడుపొచ్చేస్తోంది.

“ఆయ్, నడుద్దురుగాని. కాలిలా పెట్టండి.”

ఆవిడ పాత చీర పీలికని చిన్న చుట్టలా చేసి, పొక్కుకి ఒరుసుకోకుండా దాని చుట్టూ అమర్చి, పైన ఇంకో పీలికతో కట్టింది. బూట్లు నా సంచిలో పెట్టి, తన చెప్పులు తొడిగింది.

ఊరు చేరేసరికి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని లేచి వెళ్లిపోతున్నారు. గబగబా ఫ్లాస్కు మూత తీశాను. అడుగున నాలుగు ఐసు ముక్కలు మిగిలున్నాయి. పిల్లలందరికీ టీకాలు వేశాను.

ఊరూరా ఆరోగ్య సూత్రాలు చెప్పే నేను, మడమ చుర్రుమన్నప్పుడే ఆగి గుడ్డ కట్టుకోవాల్సింది. ఆ కంగారులో ఆవిడ పేరైనా అడగలేదు.