సన్నరేకు కోత

నత్తి ఉందని ఆ వర్క్‌షాపులో అతణ్ని అందరూ నత్తోడు అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది సొంత అన్నే, షాపు యజమాని. బోర్డులకు అక్షరాలు, కిటికీలకు జాలీలు కోసే కంప్యూటర్ మెషిన్, సీఎన్‌సీ రౌటర్ మీద మాత్రం తమ్ముడికి తిరిగినంతగా మరెవరికీ చెయ్యి తిరగలేదు.

మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం రేకును కోయడం మాటలు కాదు. గిర్రున తిరిగే కోత ములుకు, బిట్, తాకగానే నడుమ వణికి పైకి లేస్తుంది. వేడెక్కితే కరిగి బిట్‌కే అంటుకుంటుంది. అందుకని అతను రేకు అడుగంతా రెండువైపులా అంటుకునే టేపు పరిచి, బుడగ లేకుండా అరచేత్తో నొక్కేవాడు. బిట్‌ను ఒక్కసారే దించకుండా మూడు విడతలుగా దించేవాడు. వేడెక్కకుండా స్పిరిట్ చుక్కలు వేస్తూ, తురుమును గాలితో ఊదేస్తూ చెవులు రిక్కించి వినేవాడు. శబ్దం కాస్త మారితే చాలు, ఏదో తేడా వచ్చిందని పట్టేసేవాడు. అతను కోసిన అంచును చెంపకు రాసుకున్నా గీత పడేది కాదు.

"ఎలా కోశావో సార్‌కి చెప్పరా" అనేవాడు అన్న, కస్టమర్లు రాగానే. మాట గొంతులో చిక్కుకుని తమ్ముడి మెడ నరాలు ఉబ్బుతుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మొహమాటానికి వాళ్లూ నవ్వేవాళ్లు.

ఒకరోజు దీపాల షాపు నడిపే ఒకావిడ అతని పని చూసి, "మా దగ్గరికి వస్తారా? మెషిన్లన్నీ మీరే చూసుకోవచ్చు" అంది. అన్న ఆవిణ్ని గుమ్మం అవతలికి తీసుకెళ్లాడు.

"వాడికి మూర్ఛ ఉందమ్మా. మెషిన్ మీద పడితే కేసు మీ మెడకి చుట్టుకుంటుంది."

అబద్ధం. తమ్ముడికి అన్నీ వినపడ్డాయి. ఆవిడ అతని ముఖం చూడకుండానే వెళ్లిపోయింది.

ఆ వారమే తొందర పని ఒకటి పడింది. "టేపు అంటించడానికే పూటంతా తినేస్తున్నావ్, తప్పుకో!" అంటూ అన్న తమ్ముణ్ని పక్కకు నెట్టాడు. రేకు నాలుగు మూలలా క్లాంపులు బిగించి, ఒక్క విడతలోనే తెగేలా లోతు పెట్టి మెషిన్ నడిపాడు. రేకు జుయ్యిమని వణికింది. అన్న కుడి అరచేత్తో దాన్ని అదిమి పట్టాడు.

"ఆ... ఆ..." అన్నాడు తమ్ముడు. ఆపు అనాలని.

అన్న తల తిప్పాడు. "ఆ... ఆ... ఏంట్రా, ఆవలింతా?" అని అచ్చం అలాగే వెక్కిరించాడు. పనివాళ్లు గొల్లుమన్నారు.

మెషిన్‌ను ఆపే ఎర్ర బటన్ తమ్ముడి చేతికి జానెడు దూరంలో ఉంది. శబ్దం మారింది. అతనికి తెలిసింది. నోరు మూసుకున్నాడు, చెయ్యి కదపలేదు.

క్లాంపు ఊడి రేకు ఎగిరింది. అన్న మూడు వేళ్లు బల్ల మీద పడ్డాయి.

ఆసుపత్రిలో వదిన అతని చొక్కా పట్టుకుంది. "పక్కనే ఉన్నావుగా మరిదీ! ఒక్క మాట అనలేకపోయావా?" అతను నోరు తెరవబోయాడు. "నీకు మాటెక్కడ పెగులుతుందిలే" అని ఆవిడే కళ్లు తుడుచుకుంది. మరెవరూ ఏమీ అడగలేదు.

నెల తర్వాత అన్న షాపుకొచ్చి తలుపు వేశాడు. "బటన్ దగ్గరే నీ చెయ్యుంది. నేను చూశాన్రా."

తమ్ముడు అవునన్నట్టు తలూపాడు. 

పోలీసులకు చెబితే రేకు కోసే దిక్కుండదని అన్నకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. తమ్ముణ్ని వెళ్లనివ్వనూ లేదు. రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చుని చొక్కా గుండీలు పెట్టమని ఛాతీ ముందుకు తెస్తాడు. తమ్ముడు వంగి ఒక్కొక్కటే పెడతాడు. మెడ దగ్గరిది మాత్రం అన్నకు దగ్గు వచ్చేదాకా బిగిస్తాడు.