అరవై రూపాయల ఇయర్‌ఫోన్లో విన్న మాట

కొత్తగా టచ్ ఫోను కొన్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. రోడ్డు పక్కన అమ్మే వైరు ఇయర్‌ఫోన్లు కొనొచ్చా, డబ్బులు దండుగా అని. నాకు లెక్కలు వచ్చని మా దగ్గర అందరికీ తెలుసు. ఏడో తరగతిలో బడి మానేసినా మట్టి పనుల కొలతలు కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. చెరువులో పూడిక ఎంత తీశారో, కాల్వ ఎంత తవ్వారో గుంతలు కొలిచి చెప్పడం నా పని. అలాంటివాడు ధరకూ సరుకుకూ పొంతన చూసి చెప్తాడని వాళ్ల నమ్మకం. కానీ ఈ ప్రశ్నకు నేనిచ్చే జవాబు లెక్కలోంచి వచ్చింది కాదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా ఇల్లు నర్మెట్టలో. మా కొడుకు మహబూబాబాద్‌లో స్నేహితులతో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాడు. నాకేమో పని భూపాలపల్లి వైపు, టేకుమట్ల చుట్టుపక్కల చెరువుల్లో. గుంతలకు ఫొటోలు కూడా కావాలని కాంట్రాక్టరు అడగడంతో వాడిన టచ్ ఫోను ఒకటి కొన్నాను. అది ఒకరోజు జేబులోంచి జారి బండ మీద పడింది. అద్దం పగల్లేదు గానీ చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడదు. స్పీకరు పెడితే గరగర తప్ప మాట తెలియదు. బాగు చేయాలంటే ఫోను మొత్తం విప్పాలన్నారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పోయేదానికి విప్పడమెందుకని జనగామ బస్టాండు బయట బండి మీద అమ్మేవాడి దగ్గర ఆగాను.

"గివి ఎన్ని దినాలొస్తయే?"

"నువ్వెన్ని దినాలు వాడితే గన్ని దినాలొస్తయన్నా."

"గారంటీ ఉన్నదా?"

"ఏందన్నా నువ్వు! తెలంగాణకే గారంటీ లేదు, అరవై రూపాయల వైరుకు గారంటీ అడుగుతున్నవా?"

పక్కన నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. షాపులో మంచివి దాదాపు పదింతలు చెప్పారు. ఇవి మధ్యలో పాడై మళ్లీ మళ్లీ కొన్నా తక్కువే పడుతుందని తేల్చుకుని కొన్నాను. వారం తిరగకముందే ఎడమ చెవిది పోయింది. కుడిది కూడా పిన్ను దగ్గర వైరును కొంచెం వంచి పట్టుకుంటేనే పలికేది. మాట వినడానికి ఒక్క చెవి చాలదా అనుకున్నాను.

ఆ రోజుల్లో చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒక భయం ఉండేది. దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. రాష్ట్రం కోసమని పిల్లలు ఒంటికి నిప్పంటించుకున్న వార్తలు టీవీలో వస్తుండేవి. మావాడు ఇంటికొచ్చినప్పుడు, అన్నం తింటుండగా అలాంటి వార్తే వచ్చింది. వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వాళ్లమ్మ చానల్ మార్చబోయింది.

"మార్చకే. చూడనియ్యి."

"నీకెందుకురా గవన్ని?"

"మనకు గాకపోతే ఎవలకే?"

అంతే అన్నాడు. వాడు బస్సెక్కి పోయాక మా ఆమె నాతో, "నాకు జర భయమైతాందయ్యా. పొల్లగాడు మనిషి ఈడ్నే ఉన్నడు గని పానం ఈడ లేదు" అంది. ఉట్టిగనే పరేషాన్ కాకని ఆమెను కసిరాను. కసిరాను గానీ, ఆ రోజు నుంచి పని మధ్యలో కొడుకుకు ఫోన్ చేయకుండా ఒక్కరోజూ ఉండలేదు.

బంద్ ఉన్న ఒకరోజు టేకుమట్లలో చెరువు కట్ట మీద ఉన్నాను. ఎక్కడి బస్సులు అక్కడే నిలిచిపోయాయి. వాడికి ఫోన్ చేశాను. ఎత్తింది వాడు కాదు, వాడి గదిలో ఉండే స్నేహితుడు. వెనక నినాదాలు, డప్పులు. నేను వైరును వంచి, వేలితో చెవిలోకి నొక్కి పట్టుకున్నాను.

"కాకా, మీవోడు రోడ్డు మీద..." గరగర. "...మంట పెట్టుకున్నడు." మళ్లీ గరగర. "చేతులు కాలి..."

లైను తెగిపోయింది.

మళ్లీ చేశాను. పోలేదు. మళ్లీ చేశాను. పోలేదు. లెక్క కట్టే బుద్ధి అప్పుడు కూడా ఊరుకోలేదు. ఫోను వాడిది, ఎత్తింది ఇంకొకడు. అంటే వాడు ఎత్తే స్థితిలో లేడు. వెనక అరుపులున్నాయి. అంటే జనం మూగారు. ఏ వైపు నుంచి కూడినా ఒకే చోట తేలుతోంది.

చెరువు కింద పొలమున్న రైతు నన్ను చూసి వచ్చాడు. "ఏమైందన్నా, మొకం గట్లయింది?"

ఆ మాట నా నోట రాలేదు. "కొడుకు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా తన మోటారు సైకిల్ తాళం నా చేతిలో పెట్టాడు. "పెట్రోలున్నది. పో."

ఇంటికి ఫోన్ చేయలేదు. చేసి ఏమని చెప్పాలి? మొగుళ్లపల్లి రోడ్డెక్కాక ఇంకా ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు అని లెక్క మొదలుపెట్టాను. వరంగల్ దాకా కూడా లెక్క సాగలేదు. చేరేసరికి ఏం మిగిలి ఉంటుంది అన్న దగ్గర అంకెలు చెదిరిపోయేవి. త్వరగా చేరాలనీ ఉంది, అసలు చేరకూడదనీ ఉంది.

మొగుళ్లపల్లి దగ్గర దూరం నుంచే రోడ్డు మీద పొగ కనపడింది. దగ్గరికి పోతే, రోడ్డుకడ్డంగా ఎడ్లబండ్లు, రాళ్లు. మధ్యలో పొయ్యి మీద గంజు, పెద్ద వంటగిన్నె, ఉడుకుతోంది. ఊరంతా అక్కడే కూర్చుని ఉంది. గరిటె పట్టుకుని ఒకామె ఎదురొచ్చింది.

"దిగన్నా. ఇయ్యాల బండ్లు పోవు."

"అక్కా, దండం పెడ్త, జర పోనియ్యి. మా కొడుకు..."

"నీ కొడుకు ఏడికీ పోడు గని, కూసో. రోడ్డు మీద వంట పెట్టుకున్నం, రెండు బుక్కలు తిని పో."

"ఏమన్నవక్కా? మల్లొక్కసారి అను."

"చెవుడా ఏందే నీకు? వంట! వంట పెట్టుకున్నం!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. బంద్ రోజు రోడ్డు మీదే వండుకుని తినడం ఉద్యమంలో అన్ని చోట్లా జరుగుతున్నదే. నాకు తెలియనిది కాదు. ఫోన్లో విన్నదీ వంటే కావచ్చు. కానీ చేతులు కాలినయన్న మాట సంగతేమిటి? ఆశ పెట్టుకోవడానికి కూడా భయమైంది. ఆమె ఫోను అడిగాను. బటన్ల ఫోను. కొడుకు నంబరు నాకు కంఠతా వచ్చు, అయినా రెండుసార్లు తప్పు నొక్కాను.

"హలో, ఎవలు?"

వాడి గొంతే.

"నేను రా."

"బాపూ? గిదెవలి నంబరే?"

"చేతులు... చేతులెట్లున్నయ్‌రా?"

"చేతులా? పసుపు పసుపున్నయ్. పులిహోర కలుపుతున్న. చేతులు ఖాలీ లెవ్వని మావోడు చెప్పలేదా?"

"వాడు మంట అన్నడు."

"మంట గాదు బాపూ, వంట!" అని గట్టిగా నవ్వి, పక్కవాళ్లకు చెప్పాడు. అక్కడా నవ్వులు. తర్వాత వాడి నవ్వు ఒక్కసారిగా ఆగింది. "అంటే... నేను అంటించుకున్నననుకున్నవా?"

'నేనట్ల చేస్తనా బాపూ' అంటాడని ఎదురుచూశాను. ఆ బటన్ల ఫోనులో గరగర లేదు, వాడి ఊపిరి కూడా స్పష్టంగా వినపడుతోంది. ఆ మాట మాత్రం రాలేదు.

"ఆడ్నే ఉండు. నేనొస్తున్న" అని పెట్టేశాను. గరిటె పట్టుకున్నామె నా ముఖం చూసి, "పోనియ్యుండ్రే గాయన్ను" అంటూ తానే వంగి రాయి పక్కకు జరిపింది.

ఇయర్‌ఫోన్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పాటలకైతే చవకవి కొనుక్కోండి. పాటలో ఒక అక్షరం పోయినా కొంపలేమీ మునగవు. మనిషి మాట వినడానికైతే ధర చూసి తేల్చకండి. దుకాణంలోనే ఫోనుకు పెట్టుకుని, దూరంగా నిలబడిన ఎవరిచేతనైనా వంట, మంట, పంట అని ఫోన్లో అనిపించండి. మూడూ మూడు మాటలుగా వినపడితే తీసుకోండి. నేను అలాగే కొంటున్నాను, దుకాణదారులు నవ్వుతుంటారు. ఖాలీకీ కాలికీ తేడా పలికేవి మాత్రం నాకింతవరకు తగల్లేదు. నిజానికి ఆ రోజు తప్పంతా వైరుదే కాదు. సగం తెగిన మాటను పూర్తి చేసింది నా భయమే.

దారి పొడవునా ఆగి, బతిమాలి, మహబూబాబాద్ చేరేసరికి పొద్దు వాలుతోంది. వాడు రోడ్డు పక్కన కూర్చుని గంజు తోముతున్నాడు. పోయి రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాను. పసుపు ఇంకా వదల్లేదు. "కాకా, మంచిగనే ఉన్నయ్ తియ్యి" అని స్నేహితులు నవ్వారు. వాళ్లు కాస్త పక్కకు పోయాక వాడి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"ఎప్పుడన్న గట్ల అనుకున్నవా రా?"

"అబద్ధం చెప్పాల్నా, నిజం చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

వాడు గంజు లోపలికి చూస్తూ, "అనుకున్న" అన్నాడు.

"ఇప్పుడు?"

"ఇయ్యాల అనుకోలె బాపూ. ఇంతమందికి వండాలె గదా, పురసత్ దొరకలె."

"మరి రేపు?"

వాడు తోమిన గంజు బోర్లించాడు. "రేపు గూడ వంట ఉన్నది" అన్నాడు.

మర్నాడు నేను టేకుమట్లకు తిరిగిపోలేదు. మహబూబాబాద్ రోడ్డు మీద, వాడు కనపడేంత దగ్గరలో, ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాను.