ఎక్సిల్దా అత్త విన్న మాట

మా ఎక్సిల్దా అత్త, అమెరికాలో మా బట్టల మిల్లు ఊరి మెయిన్ స్ట్రీట్‌లో, మందుల షాపు పైనున్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏడేళ్లు పనిచేసింది. ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ చేతులమీదుగానే. తీగలు కలిపేటప్పుడు నాలుగు మాటలు చెవిన పడక తప్పదు. విన్నది బయట చెప్పనని చేరినరోజే ప్రమాణం చేయించుకున్నారు. అత్త దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఎవరింట్లో ఎవరు పోయారో కూడా చర్చిలో ఫాదర్ చెప్పేదాకా తెలియనట్టే ఉండేది.

ఆ రోజుల్లో శనివారం మిల్లు వదిలాక మా వీధిలో కాలు పెట్టే సందుండేది కాదు. పోలిష్ వాళ్లు, ఐరిష్ వాళ్లు, కెనడా నుంచి దిగిన మావాళ్లు, అందరూ అక్కడే. మా నాన్న ఒవీడ్ మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. సొంతంగా చెప్పుల షాపు పెట్టాలని ఆయన కల. 1949 వేసవిలో మూల మీది షాపు ఖాళీ అయింది.

సరిగ్గా ఆ వారమే అత్త మిల్లు ఆఫీసు నుంచి దక్షిణాది రాష్ట్రాలకి ఒక కాల్ కలిపింది. లైను అందిందో లేదోనని ఒక్క క్షణం ఆగింది.

"క్రిస్మస్‌లోపు మగ్గాలన్నీ కరొలైనాకి పంపేస్తాం. ఇక్కడెవరికీ తెలియదు," అంటున్నాడు మేనేజరు.

ఆదివారం మా ఇంట్లో బఠాణీ సూప్ తాగుతూ నాన్న షాపు సంగతి ఎత్తాడు.

"వచ్చే ఏడాది చూసుకోకూడదట్రా?" అంది అత్త.

"అప్పటిదాకా అది నాకోసం కూర్చుంటుందా అక్కా? నీ పెళ్లికీ ఇలాగే వచ్చే ఏడాదన్నావు, ఏమైంది?"

అమ్మ నాన్నని కసిరింది. అత్త లేచి సూప్ గిన్నెలు తీసింది.

సెప్టెంబరులో నాన్న షాపు తెరిచాడు. నవంబరులో మిల్లు మూసేస్తున్నామని గేటుకి నోటీసు అంటించారు. మరుసటి ఏడు టోపీల షాపు మూతపడింది, తర్వాత సినిమా హాలు, తర్వాత మేము. నాన్న పక్క ఊరి ఫ్యాక్టరీకి బస్సులో వెళ్లడం మొదలుపెట్టాడు.

ఒక అంత్యక్రియల దగ్గర ఇంకో ఆపరేటరు నోరు జారింది: "పాపం ఎక్సిల్దా, మిల్లు తరలిపోతుందన్న ఆ కాల్ విన్నాక వేసవంతా కుమిలిపోయింది."

నాన్న అటునుంచటే ఎక్స్ఛేంజి మెట్లెక్కాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"నేను నీ తమ్ముణ్ణే!"

"మిల్లులో మూడువేల మంది. ఎవరో ఒకరికి అందరూ తమ్ముళ్లేరా. నీకొక్కడికే ఎలా చెప్పను?"

పదమూడేళ్లు మాటల్లేవు. ఈలోగా డయల్ ఫోన్లొచ్చి అత్త ఉద్యోగమూ పోయింది.

1964లో, కార్లు నిలపడానికి చోటు కావాలని, వీధిలో ఉత్తరం వైపంతా కూల్చారు. మూల షాపు పడగొట్టే రోజు నేనూ నాన్నా వెళ్లాం. అత్త అప్పటికే అక్కడుంది.

"చెప్పి ఉండాల్సిందిరా," అంది, మావైపు తిరగకుండానే.

"ఎవరికి?"

"అందరికీ. వీధి మధ్య నిలబడి అరవాల్సింది."

"అరిస్తే మిల్లు ఆగేదా?"

"ఆగేది కాదు. నువ్వు ఆగేవాడివి."

గోడ కూలింది. "దుమ్ము పడుతోంది, ఇటు రా అక్కా," అన్నాడు నాన్న.

ఆ తర్వాత అత్త మళ్లీ ఆదివారాలు మా ఇంటికొచ్చేది. వాతావరణం గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ పోయినప్పుడు నాన్నని అడిగాను, క్షమించావా అని.

"నాకే తెలీదమ్మా," అన్నాడు. "ఆవిడ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో, అది తేలితేగా."