అన్నకి నేతి పూరీలు, నాకు జొన్నరొట్టె

మా చిన్నప్పుడు... కృష్ణానగర్‌లోని మా ఒంటిగదిలో పొద్దున్నే రెండు రకాల వంట అయ్యేది. అన్నకి నేతి పూరీలు, మీగడ పాలు. నాకు జొన్నరొట్టె, తోటకూర.

నేను కంచం అవతలకి తోసి ఏడ్చేదాన్ని. అమ్మ చూసీ చూడనట్టు అన్నకి ఇంకో పూరీ వత్తేది.

అన్న సినిమాల్లో చేసేవాడు. హీరో చిన్నప్పటి పాత్ర, హీరోయిన్ తమ్ముడు... అన్నీ బొద్దుగా ఉండే పిల్లాడి వేషాలే. జూబ్లీహిల్స్ బంగళాల్లో షూటింగ్. వాడి బుగ్గ గిల్లనిదే ఏ మేనేజరూ అడ్వాన్సు ఇచ్చేవాడు కాదు.

నాన్న స్టూడియోలో లైట్‌మ్యాన్‌గా చేసేవారు. ఒకరోజు సెట్లోనే గుండె పట్టుకుని కూలిపోయారు... చిన్న వయసే. ఆ తర్వాత డాక్టరు గారు మా ఇద్దరికీ రక్తపరీక్ష చేయించారు. ఇద్దరికీ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది.

"మీ ఆయన నుంచి వచ్చిందమ్మా. నెయ్యి, మీగడ, మైదా తగ్గించండి. పీచు ఉన్నవి పెట్టండి... జొన్నలు, ఆకుకూరలు, పళ్ళు. కొన్నాళ్ళకి పిల్లల్ని మళ్ళీ తీసుకురండి" అన్నారు.

మాది కోస్తా. అమ్మకి రొట్టెలు రావు. పక్కింటి యాదమ్మ దగ్గర నేర్చుకుంది. "కర్ర పట్టకు వదినా, చేత్తోనే కొట్టాలె. గట్ల... జర నీళ్ళు అద్దు" అని చూపించేదామె.

మొదట్లో అన్న కూడా అవే తిన్నాడు. బుగ్గలు కరిగాయి. "ఏంటమ్మా, బాబు చిక్కిపోయాడు? సగం సినిమా అయ్యాక ఇలాగైతే ముందు తీసిన సీన్లతో కంటిన్యూటీ పోతుంది" అన్నాడు మేనేజరు.

అప్పుడే హైటెక్ సిటీ వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పుణ్యమా అని మా సందులో కూడా అద్దెలు కొండెక్కాయి. మా ఇంట్లో సంపాదించేది అన్న ఒక్కడే. వాడికి తొమ్మిదేళ్ళు.

"ఈ సినిమా అయిపోనీ" అంది అమ్మ. మళ్ళీ పూరీలు మొదలయ్యాయి. తర్వాత ఇంకో సినిమా... ఇంకోటి... మీసాలు మొలిచాక వేషాలు ఆగిపోయాయి గానీ, అలవాటైన ఆ తిండి ఆగలేదు.

పోయినేడు అన్నకి గుండెలో స్టెంట్ వేశారు. కుర్ర డాక్టరు ఫైలు చూస్తూ, "ఇది వంశంలో ఉన్నదే కదా... చిన్నప్పుడు మీకెవరూ చెప్పలేదా?" అని అడిగాడు.

"చెప్పారండీ" అంది అమ్మ.

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. అమ్మని ఏమనాలి? నా స్కూలు ఫీజులు ఆ బుగ్గలే కట్టాయి.

ఇప్పుడు జూబ్లీహిల్స్ హోటళ్ళ ముందు జొన్నరొట్టె కోసం కార్లు బారులు తీరుతున్నాయి... పిల్లలకి పీచు ఎంత మంచిదో అందరూ చెబుతున్నారు. అప్పుడు మాకూ చెప్పారు.

మీ ఇంట్లో కూడా ఒకే పొయ్యి మీద రెండు వంటలు అయ్యేవా? ఎవరి కంచంలో ఏం పడేదో గుర్తుంటే రాయండి... నేను ఊరికే చదువుకుంటాను.