తెల్ల అట్ట అంచున

వాడిన వస్తువును అమ్మకానికి పెట్టేవాడు ముందు దాని మచ్చను చూపించాలి, తర్వాతే మెరుపును. ఇది ఆయన సిద్ధాంతం. ఆన్‌లైన్ వేలంలో జనం పెట్టే ఫొటోలు చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. పరుపు మీద పడేసిన కెటిల్, వెనకాల విడిచిన బట్టలు, పగులున్న వైపు గోడకు తిప్పి పెట్టిన పింగాణీ గిన్నె! ఎదుటివాడి కళ్ళలో దుమ్ము కొట్టడానికైనా కాస్త శ్రద్ధ ఉండాలి కదా, ఆ శ్రద్ధకూ కరువొచ్చిందని ఆయన మంట. అందుకే వీధి చివరి పాత సామాన్ల దుకాణదారు తెచ్చిచ్చే ప్రతి వస్తువునూ తుడిచి, కిటికీ పక్కన బల్ల మీద నిలబెట్టి, గీత పడ్డ చోట స్కేలు ఆనించి మరీ ఫొటో తీసేవాడు. దుకాణదారు ఆయనకు మచ్చల మాస్టారని పేరు పెట్టాడు. ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పినవాడు కాదు, రికార్డుల గదిలో పనిచేసి రిటైరైనవాడు. అయినా ఆ పేరు అతుక్కుపోయింది.

కిటికీ వెలుతురు వస్తువుకు ఒకవైపే పడుతుంది. నీడలో ఉండిపోయే రెండోవైపుకు వెలుతురును మళ్ళించాలంటే ఎదురుగా ఒక తెల్ల అట్ట పట్టుకోవాలి. ఏళ్ళ తరబడి ఆ పని ఆయన భార్య చేసింది. నేల మీద కూర్చుని, బల్ల చాటుకు తల వంచుకుని, అట్టను మాత్రం పైకెత్తి పట్టేది. కాస్త ఎడమకు, ఇంకాస్త కిందికి, నీ నీడ పడుతోంది అంటూ ఆయన పురమాయిస్తూ ఉండేవాడు. ఒక్కసారి మాత్రం, నిన్నూ ఒక ఫొటో తీస్తాను లేవమన్నాడు.

"నన్ను వేలంలో పెట్టినా ఎవరూ పాడుకోరులెండి. ముందు ఆ కెటిల్ సంగతి చూడండి."

ఆయన కెటిల్ సంగతే చూశాడు.

ఆమె పోయాక అట్టను బట్టల క్లిప్పులతో కుర్చీ వీపుకు తగిలించి పని సాగించాడు. దుకాణదారు సామాను మెట్ల మీదే దించి వెళ్ళిపోయేవాడు. ఆ గదిలో మనిషి గొంతు వినిపించడం మానేసి చాలా కాలమైంది.

అలాంటి ఒక పూట ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. అక్క ఫొటో పెద్దది చేయించి తన గదిలో పెట్టుకుంటానంది. పెళ్ళినాటి ఆల్బమ్‌లు పైకప్పు కారి ముద్దైపోయాయి గనుక బావగారి దగ్గరున్నదే దిక్కంది. ఆదివారం తనే వచ్చి పట్టుకెళ్తానంది. ఆయన సరేనన్నాడు. అన్ని వేల ఫొటోలు దాచుకున్న మనిషి లేదని ఎలా అంటాడు?

ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కరెంటు బిల్లు సహా ఏదీ పారేసే అలవాటు ఆయనకు లేదు. ఫొటోలూ అంతే. అంచులు కత్తిరించి సైటుకు పంపినవి ఒకచోట, కత్తిరించని అసలువి మరోచోట ఉన్నాయి. అన్నీ తిరగేశాడు. ఇస్త్రీపెట్టెలు, గడియారాలు, కుట్టుమిషన్లు, మూతల్లేని జాడీలు. ఆమె గుర్తింపు కార్డు మీది మొహం ఫలానా వారిదని చెబితే తప్ప పోల్చుకునేలా లేదు. చెల్లెలి చేతిలో పెట్టదగ్గ మొహం ఎక్కడా లేదు.

వేళ్ళు మాత్రం ఉన్నాయి. కత్తిరించని ప్రతి ఫొటోలోనూ ఎడమ అంచున తెల్ల అట్ట, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు. ఒకచోట వేలికి ప్లాస్టర్ ఉంది. ఒకచోట గోళ్ళలో పిండి. వంట మధ్యలో పిలిచి ఉంటాడు.

ఆమె ఆఖరి రోజుల ఫొటోల దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. కెమెరా స్టాండు మీద ఉంది గనుక జాడీ స్ఫుటంగానే వచ్చింది. వేళ్ళు మాత్రం అలికినట్టున్నాయి. అట్ట పట్టుకోవడం కూడా చేతకాదా అని అప్పుడు విసుక్కున్నాడు. పింగాణీలో వెంట్రుకవాసి పగులును పట్టే కళ్ళకు ఆ వణుకు అశ్రద్ధలా కనిపించింది. డాక్టరు జబ్బు పేరు చెప్పింది ఆ తర్వాతే.

ఆదివారం మరదలు వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టకముందే ఫొటో ఏదంది. ఆయన లేదన్నాడు.

"పగిలిన జాడీకి పది తీశారు. మా అక్కకు ఒక్కటి తీయలేకపోయారా బావగారూ?"

ఆయన కంప్యూటరును ఆమెవైపు తిప్పాడు. తెర మీద ఇస్త్రీపెట్టె కనిపించింది. వేళాకోళం చేస్తున్నాడేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన తెర అంచున వేలు పెట్టి చూపించాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"ఆ చిటికెనవేలు వంకర నా చలవే," అంది. "చిన్నప్పుడు తలుపు నేనే వేశాను. గాలికి పడిందని అమ్మతో చెప్పి నన్ను కాపాడింది."

ఇదే కావాలంది. ఆయన మౌస్ అందుకున్నాడు. ఇన్నేళ్ళూ అంచును తీసేసి వస్తువును ఉంచిన మనిషి, ఆ పూట వస్తువును తీసేసి అంచును ఉంచాడు.

"వంకర మాత్రం పోనివ్వకండి," అంది మరదలు వెనక నుంచి.

"మచ్చ దాచడం నాకు అలవాటు లేదమ్మా," అన్నాడు.

చీకటి పడకముందే ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు మెట్ల మీద ఒక బల్లదీపం కనిపించింది. తుడిచి, కిటికీ పక్కన నిలబెట్టి, కెమెరాలోంచి చూశాడు. దీపానికి ఒకవైపు ఇంకా నీడగానే ఉంది.

"కాస్త ఎడమకు," అన్నాడు.

తర్వాత లేచి వెళ్ళి కుర్చీని తనే జరిపాడు.