పాప గీసిన నల్ల బిళ్ళ

మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. ముదినేపల్లిలో మా అత్తగారింట్లో మధ్యాహ్నం కొరమేను పులుసుతో అన్నం పెడుతున్నాను. రెండో ముద్దకే గొంతు పట్టుకుని ఏడ్చింది. ఇక ఏమీ మింగలేదు, చొంగ కారుతూనే ఉంది.

"ముల్లే గుచ్చుకుందమ్మాయ్, ఉత్తన్నం ముద్ద మింగించు" అన్నారు అత్తయ్య. మింగించబోతే కక్కేసింది. భయపడి ఏలూరులో పిల్లల డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాం.

"ఏమైంది బంగారం?" అని ఆవిడ పాపను అడిగితే, "చేపముల్లండీ, నేనే సరిగా చూసి తీయలేదండీ" అని నేను చెప్పేశాను. మళ్లీ అడిగారు. మళ్లీ నేనే చెప్పాను.

"మీరు కాసేపు ఆగండమ్మా, నేనడిగింది పాపని" అంటూ ఆవిడ నవ్వి, కాగితం, రంగు పెన్సిళ్లు పాప ముందు పెట్టారు. "నీ బొమ్మ గియ్యి, చూద్దాం."

పిల్ల అంత బాధపడుతుంటే ఈ బొమ్మలేమిటని నాకు ఒళ్లు మండింది. పాప గుండ్రంగా తల గీసింది. పొడవాటి మెడ గీసి, దాని మధ్యలో నల్లగా ఒక బిళ్ళ దిద్దింది.

"ఇదేంటమ్మా?"

పాప నావైపు బెదురుగా చూసి, "బాతు బొమ్మలో లైటు బిళ్ళ... అమ్మ కొడుతుంది" అని గొణిగింది.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. వెంటనే ఎక్స్‌రే తీయించారు. గొంతు కింద, పాప ఆడుకునే లైటు బాతు బొమ్మలోని బటన్ బ్యాటరీ ఉంది. అన్నానికి ముందే మింగేసిందట. పెద్దాసుపత్రిలో మత్తిచ్చి దాన్ని బయటికి తీశారు. ఇంకా ఆలస్యమైతే లోపలంతా కాలిపోయేదట.

బ్యాటరీ ఎక్కడుందో ఎక్స్‌రే చూపించింది. నా బిడ్డ నాకెంత భయపడుతోందో చూపించింది మాత్రం ఆ కాగితమే.