వెన్నెల షాటులో వేడెక్కిన తీగ

రెండు వేల ఒకటో సంవత్సరం. ఫిల్మ్ నగర్‌లో ఒక షూటింగ్ ఫ్లోరు. చెక్క సెట్లతో సహా తగలబడిపోవలసిన ఆ ఫ్లోరును, ప్యానెల్ బోర్డు మీద ఒక్క చూపు వేసి కాపాడిన ఎలక్ట్రికల్ ఇంజినీరును నేను.

ఒక్క చూపు అన్నది కాస్త గొప్పకు చెప్పిన మాట. అంతకుముందు రెండుసార్లు వచ్చి, అంతా బాగుందని చెప్పి వెళ్లినవాణ్ణీ నేనే.

బోర్డులో న్యూట్రల్ తీగ మాటిమాటికీ మాడిపోతోంది. మూడు ఫేజుల్లో వెళ్లిన కరెంటు తిరిగొచ్చే దారి అది. ఫేజుల మీద లోడు సమానంగా ఉంటే తిరుగు కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, న్యూట్రల్ చల్లగా ఉంటుంది. అందుకే దాన్ని సన్నగా వేస్తారు. నేను వచ్చినప్పుడల్లా లైట్లన్నీ నిండుగా వేయించి మీటరు పెట్టేవాణ్ణి. న్యూట్రల్‌లో దాదాపు ఏమీ కనబడేది కాదు.

అనుమానం సత్తయ్య మీదికి పోయింది. రహమత్ నగర్ మనిషి. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లు నడిపేది అతనే, న్యూట్రల్ నట్టు బిగించేదీ అతనే. నట్టు వదులుగా ఉన్నా తీగ వేడెక్కి మాడుతుంది.

"ఇంకోసారి మాడిందంటే వాణ్ణి గేటు బయట పెడతానండీ," అన్నారు ఫ్లోరు మేనేజరు మూర్తిగారు.

"నేను గట్టిగనే బిగించిన సార్. జర మీరన్న చెప్పుండ్రి," అన్నాడు సత్తయ్య నాతో.

మూడోసారి వెళ్లేసరికి షూటింగ్ నడుస్తోంది. లైట్లు నా చేతికివ్వలేదు. మాట్లాడకూడదు, కూర్చోబుద్ధి కాదు. ప్యానెల్ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. కెమెరామన్ వెన్నెల కావాలన్నాడు. సత్తయ్య లైట్లన్నీ సగానికి దించాడు. కాసేపటికి కమురు వాసన. మీటరు పెట్టి చూద్దును కదా, న్యూట్రల్‌లో కరెంటు ఒక్కో ఫేజులో ఉన్నదాన్ని కూడా మించిపోయింది.

"మూర్తిగారూ, షాట్ ఆపించండి."

"హీరోయిన్ ఏడుస్తోందండీ. గ్లిజరిన్ మళ్లీ పెట్టాలి."

"ఆపకపోతే గ్లిజరిన్ లేకుండానే ఏడుద్దాం, అందరం."

డిమ్మరు కరెంటు తరంగాన్ని ముక్క కోసి వెలుగు తగ్గిస్తుంది. కోసిన తరంగంలో అసలుకు మూడింతల వేగంతో ఊగే మరో కరెంటు పుడుతుంది. దాన్ని థర్డ్ హార్మోనిక్ అంటాం. మూడు ఫేజుల్లోనూ పుట్టిన ఈ కరెంట్లు న్యూట్రల్‌లో కొట్టేసుకోవు, ఒకదానిమీదొకటి కూడుకుంటాయి. నిండు వెలుగులో ఇది ఉండదు. నేను చూసిందల్లా నిండు వెలుగునే.

న్యూట్రల్ రెట్టింపు లావుది వేయించాం. డిమ్మర్లకు విడిగా డెల్టా ట్రాన్స్‌ఫార్మరు పెట్టించాం. అది ఆ హార్మోనిక్‌ను వెనక్కి పోనివ్వక తన చుట్లలోనే తిప్పుకుంటుంది. తీగ మళ్లీ మాడలేదు, సత్తయ్య గేటు దాటలేదు.

అప్పటినుంచీ ఎక్కడికి వెళ్లినా పని ఆపించి కొలవను, నడుస్తుండగానే కొలుస్తాను. సత్తయ్య కొలువు నిలబెట్టింది నేనేనని కూడా ఇందులో రాసి, మొన్న అతనికే చదివి వినిపించాను. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అంతా మంచిగనే ఉంది సార్. నట్టు లూజున్నదని మూర్తిసారుకు మొదలు చెప్పింది మీరేనని గూడ రాయుండ్రి."